మేస్త్రి చూసిన తడి

పోయిన నెలలో అద్దంకి వెళ్లి మేస్త్రి సమాధి కార్యక్రమంలో నిలబడి వచ్చాను. పాస్టరు గారు ఒక కాగితం తీసి ఆయన ఎక్కడ పుట్టిందీ, ఎప్పుడు బాప్తిస్మం తీసుకున్నదీ, ఎవరిని చేసుకున్నదీ, పిల్లలెంతమంది అన్నదీ వరసగా చదివారు. మూడు నిమిషాలు పట్టింది. చదివినదాంట్లో తప్పేమీ లేదు. కానీ అందులో నాకు తెలిసిన మనిషి కనపడలేదు. ఆ కాగితంలోని పేరు కూడా నాకు కొత్తగానే వినిపించింది. అన్నేళ్లు ఎరిగిన మనిషిని నేను ఒక్కసారైనా పేరు పెట్టి పిలవలేదు. లారీలవాళ్లకీ, ట్రాక్టర్ల రైతులకీ, నాకూ ఆయన మేస్త్రి. ఇక్కడా అలాగే రాస్తాను.

ఎనభైలలో నేను అద్దంకికి కొద్ది దూరంలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లుకి మేనేజరుగా ఉండేవాణ్ణి. మిల్లు గేటుకి ఎదురుగా, రోడ్డు దాటితే మేస్త్రి షెడ్డు. షెడ్డు అంటే నాలుగు తాటి నిట్రాళ్లు, పైన రేకులు, ఒక పక్క లారీ పాత టార్పాలిను. అంతే.

అందరు మెకానిక్కులూ పని అయ్యాక చేతులు కడుక్కుంటారు. ఈయన పనికి ముందు కడుక్కునేవాడు. బట్టల సబ్బుతో మోచేతుల దాకా రుద్ది, మా మిల్లు నుంచి తెచ్చుకున్న పత్తి వేస్టుతో తుడుచుకుని, అప్పుడు బండి దగ్గరికి వెళ్లేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను. తన చేతికి ముందే జిడ్డు ఉంటే, బండిని తాకాక కనపడే జిడ్డు బండిదో తనదో తెలియదన్నాడు. పనయ్యాక మాత్రం ఆ చేతులతోనే బీడీ వెలిగించుకునేవాడు.

షెడ్డులో స్పానర్ల పక్కన ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా ఒకటి ఉండేది. ఎక్కడన్నా కారుతున్నదని అనుమానం వస్తే ఆ చోటంతా తుడిచి, ఆరబెట్టి, పౌడరు అద్దేవాడు. తడి తగిలిన చోట పౌడరు నల్లబడి దారి చూపించేది. లారీ డ్రైవర్లు దానిమీద ఊరుకునేవారు కాదు. “పెళ్లిచూపులా మేస్త్రీ?” అని ఒకడంటే, “ఏం చేద్దాం, నీ బండికి సంబంధం కుదరటంలా” అని బండి కింద నుంచే జవాబు వచ్చేది.

మంగలి దగ్గర తీసుకున్న పగిలిన అద్దం ముక్క ఒకటి జేబులో ఉండేది. కన్ను పోని చోటికి దాన్ని పంపించేవాడు. కళ్లజోడు ఒక కాడ విరిగితే నూలు దారం కట్టి చెవికి తగిలించుకున్నాడు. నేనెరిగినన్నాళ్లూ ఆ దారమే. మాసినప్పుడు మాత్రం మార్చేవాడు.

ఆయన అందరినీ అడిగే ప్రశ్న ఒకటుంది. బండి తెచ్చినవాడు ఏం చెప్పినా సరే, “మీరు చూశారా, ఎవరన్నా చెప్పారా?” అనేవాడు. ఒకసారి దర్శి వైపు నుంచి ఒక రైతు ట్రాక్టరు లాక్కొచ్చి పంపు పోయిందన్నాడు. మేస్త్రి ఆ ప్రశ్న వేశాడు. రైతు, మా బావమరిది చెప్పాడన్నాడు. అయితే బావమరిదిని పిలుచుకు రమ్మన్నాడు మేస్త్రి. రైతుకు కోపం వచ్చి, నీకు పని కావాలా వద్దా అని అరిచాడు. మేస్త్రి పట్టించుకోకుండా ట్యాంకు మూత తీసి అద్దం పెట్టి చూశాడు. డీజిలు లేదు. ఆ సంగతి పైకి అనలేదు, మూత తెరిచే ఉంచి పక్కకు జరిగాడు. రైతు తొంగి చూసి, కాసేపు తలపాగా సర్దుకుని, బావమరిదిని తిట్టుకుంటూ పోయాడు.

ఆ ప్రశ్న నామీదికి వచ్చిన రోజులు నా డైరీలో పదకొండు పేజీలున్నాయి.

మా యజమాని గారికి వాళ్ల నాన్నగారి కాలం నాటి కారు ఒకటుండేది. గుండ్రటి వీపు, బరువైన తలుపులు. దాన్ని నడిపే డ్రైవరు ముప్పై ఏళ్లవాడు, మిల్లు వెనకాల పల్లెవాడే. వాళ్ల ఇంట్లో వెనక తరాలన్నీ పొలం కూలి చేసినవే. లైసెన్సు తెచ్చుకున్నవాడు ఇతనే మొదలు. ఆదివారం గుడికి పోయేటప్పుడు కూడా లైసెన్సు జేబులో పెట్టుకునేవాడు. మనిషి నెమ్మది, పని శుభ్రం.

ఆ ఏడాది శివరాత్రికి ముందు నుంచే అతను రెండుసార్లు నా దగ్గరికి వచ్చి, బ్రేకాయిల్ తగ్గుతోందండీ అన్నాడు. కారు కింద ఎక్కడన్నా చుక్క పడుతోందా అని అడిగాను. లేదన్నాడు. చక్రాల దగ్గర తడి? లేదు. చుక్క పడకుండా తగ్గడమేమిటి, మొదట పోసినప్పుడే తక్కువ పోసి ఉంటావన్నాను. అతను సరేనండీ అని వెళ్లి, ఒక డబ్బా తెచ్చి పోసుకున్నాడు. నేను డైరీలో “బ్రేకాయిల్ మళ్లీ అడిగాడు” అని రాసుకుని ఊరుకున్నాను.

శివరాత్రి వెళ్లిన వారం, యజమాని గారిని దర్శి నుంచి తీసుకొస్తున్నాడు. మధ్యాహ్నం. యజమాని గారు వెనక సీట్లో నిద్రపోయారు. రోడ్డు పక్కనే మిర్చి కల్లం, ఎండబోసిన కాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. ఎదురుగా పత్తి బోరేల, అంటే పెద్ద గోతాల, ఎడ్లబండి ఒకటి రోడ్డుకు అడ్డం తిరిగింది. కారు ఆగలేదు. ఎడ్ల మీదికి పోకుండా డ్రైవరు కారును కల్లంలోకి తిప్పాడు. తాలు కాయలు ఏరుతున్న ఆడవాళ్లు లేచి చెదిరిపోయారు. ఒక ముసలామె పడి మోచెయ్యి గీరుకుంది. అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు. మిర్చి గుట్టలో కూరుకుని కారు ఆగిపోయింది.

మిరప ఘాటు ఎగిసింది. డ్రైవరు తలుపు తీసుకుని తుమ్ముతూ, తూలుతూ దిగాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. అక్కడున్నవాళ్లంతా అతని పల్లె ఆడవాళ్లే. తూలుతూ దిగిన మనిషినీ ఆ కళ్లనీ చూసి, తాగి నడిపాడనుకున్నారు. ఆ మధ్యాహ్నం ఆ కల్లంలో కళ్లు ఎర్రబడనివాళ్లు ఒక్కరు కూడా లేరు, యజమాని గారితో సహా. అయినా ఆ మాట సాయంత్రానికి పల్లెంతా పాకింది.

అటుగా వచ్చిన లారీవాళ్లు ఆగి, తమ డబ్బాలోంచి బ్రేకాయిల్ పోసి, పెడలు పదిసార్లు తొక్కి, కారును రోడ్డెక్కించారు. ఇల్లు చేరేసరికి బ్రేకులు రాయిలా గట్టిగా ఉన్నాయి.

మర్నాడు యజమాని గారు నన్ను పిలిచారు.

“బ్రేకులు బాగానే ఉన్నాయి మేనేజరు గారూ. నేను నిద్రపోయాను, వాడూ నిద్రపోయాడు. తాగాడంటున్నారు, అది నేననను. మేస్త్రితో బ్రేకులు సరిగ్గా ఉన్నాయని రెండు ముక్కలు రాయించండి. గురువారం లోపల వాణ్ణి పంపించేద్దాం.”

ఆయన చెడ్డవారు కాదు. కారణం లేకుండా మనిషిని పనిలోంచి తీసేశారన్న మాట పడటం ఇష్టం లేక ఆ రెండు ముక్కలు కోరారు. నేను రెండు ముక్కలూ నేనే టైపు చేయించి, కింద సంతకానికి చోటు వదిలి, కాగితం పట్టుకుని రోడ్డు దాటాను. కారును డ్రైవరే తెచ్చి షెడ్డులో పెట్టాడు. పని పోయేలా ఉన్నా ఆ ఉదయం కూడా కారు కడిగే తెచ్చాడు.

మేస్త్రికి చదవడం అంతగా రాదు. కాగితం చదివి వినిపించాను. ఆయన కార్లో కూర్చుని పెడలు తొక్కాడు.

“ఇప్పుడు బాగుంది. కల్లం కాడ బాగుందని మీరు చూశారా, ఎవరన్నా చెప్పారా?”

యజమాని గారు చెప్పారన్నాను. ఆయన చూశారా అన్నాడు. ఆయన నిద్రలో ఉన్నారు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. గురువారం దాకా బండి ఇక్కడే ఉండనియ్యండి అన్నాడు మేస్త్రి. కాగితాన్ని మడిచి పౌడరు డబ్బా కింద పెట్టాడు.

మొదటి రోజంతా వెతికాడు. నాలుగు చక్రాలూ ఊడదీశాడు. లోపల దూది పీచూ, ఎర్రదుమ్మూ పేరుకుని ఉన్నాయి. వేళ్లతో నలిపి చూస్తే అంతా పొడి. గొట్టాల వెంట మొదటి నుంచి చివరి దాకా అద్దం తిప్పాడు. కీళ్లన్నిటికీ పౌడరు అద్దాడు. కారు కింద పాత పేపర్లు పరిచి రాళ్లు పెట్టాడు. చీపురుపుల్ల ఒకటి కారులో బ్రేకాయిల్ పోసే డబ్బాలో ముంచి, తడిసినంత మేర దారం కట్టాడు. తర్వాత డ్రైవరును కూర్చోబెట్టి వంద సార్లు పెడలు తొక్కమన్నాడు. డ్రైవరు పైకి లెక్కపెడుతూ తొక్కాడు. నేను మిల్లులో పని చూసుకుంటూ మధ్య మధ్య వచ్చి పోతున్నాను.

పొద్దుగూకే వేళకు పేపర్లు పొడిగా ఉన్నాయి. పౌడరు తెల్లగా ఉంది. చీపురుపుల్ల మాత్రం దారానికి గోరంత కింద తడిసింది.

“తగ్గింది” అన్నాడు మేస్త్రి. ఆ ఒక్క మాటకు డ్రైవరు కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను నెల రోజులుగా చెబుతున్న మాట అది.

“కానీ ఎటు పోయింది?” అన్నాను.

“పోయిందంటే ఎక్కడో ఉన్నట్టేనండీ. గాల్లో కలిసేది కాదుగా.”

రెండో రోజు మేస్త్రి కారును ముట్టుకోలేదు. డ్రైవరును ఎదురుగా కూర్చోబెట్టి, పొద్దున లేచిన దగ్గర్నుంచీ కారుకు ఏమేం చేస్తావో ఒకటీ వదలకుండా చెప్పమన్నాడు. నేనూ బల్ల మీద కూర్చున్నాను. డ్రైవరు మొదలుపెట్టాడు. తలుపులు తీస్తాను. దులుపుతాను. పైన రెండు బకెట్లతో కడుగుతాను. కింద పట్టాలు తీసి విదిలిస్తాను. తర్వాత పెడళ్ల దగ్గర రెండు చెంబుల నీళ్లు పోసి, నేలలో ఉన్న బొక్కలోంచి కిందికి పోయేదాకా చీపురుతో తోస్తాను.

“లోపల నీళ్లెందుకు పోస్తావబ్బాయ్?”

డ్రైవరు నావైపు చూసి తల దించుకున్నాడు.

“మేనేజరు గారు చెప్పారు మేస్త్రీ.”

నిజమే. మిర్చి దుమ్ము యజమాని గారికి పడదు. కారెక్కితే దగ్గు వస్తోందని ఆయన విసుక్కుంటే, రోజూ లోపల కూడా నీళ్లతో కడగమని నేనే చెప్పాను. చెప్పిన రోజు డైరీలో ఉంది. కడుగుతున్నాడా లేదా అని మూడు రోజులు వచ్చి చూసింది కూడా ఉంది.

మేస్త్రి నావైపు చూడలేదు. లేచి, ఒక గ్లాసులో నీళ్లు తీసుకుని రెండు చుక్కలు ఇంజను ఆయిల్ వేశాడు. అది పైన తేలింది. ఇంకో గ్లాసులో బ్రేకాయిల్ వేసి పుల్లతో కలిపాడు. నీళ్లలో కలిసిపోయింది, ఏదీ మిగల్లేదు.

“ఇది నీళ్లతో పాటు పోయేది. ఈ అబ్బాయి రోజూ పొద్దున్నే కడిగేస్తున్నాడు” అన్నాడు. “లోపలి తడంతా నీళ్ల తడే అనుకున్నాం మనం. నిన్న నేను కూడా అట్టాగే అనుకున్నా.”

డ్రైవరు నిర్ఘాంతపోయి చూస్తున్నాడు. తన మాటకున్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని అతను రోజూ తన చేతులతోనే కడిగేసుకున్నాడు, అదీ నా మాట మీద.

పెడళ్ల కింద రబ్బరు పట్టా, దాని కింద గోనెపట్టా. అది ఎప్పుడూ తడిగానే ఉండేది, కడుగుతారు కాబట్టి ఎవరూ అనుమానించలేదు. వాటిని లాగేసి, నేలకు బిగించిన రేకు మూత విప్పాడు. పెడలు తొక్కితే బ్రేకాయిల్ చక్రాలకు నెట్టే సిలిండరు ఆ మూత కింద ఉంటుంది. మేస్త్రి అద్దం లోపలికి పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

“రంగు చూడండి.”

సిలిండరు వెనక ఇనుము మీద రంగు నాలుక ఆకారంలో ఊడిపోయి ఉంది. నీళ్లకు తుప్పు పట్టిందన్నాను. మేస్త్రి ఒక పాత తలుపు రేకు తెచ్చి, ఒక చోట నీళ్లూ ఇంకో చోట బ్రేకాయిలూ వేసి ఎండలో పెట్టాడు. మేము టీ తాగి వచ్చేసరికి నీళ్లు ఆరిపోయి రంగు రంగులాగే ఉంది. బ్రేకాయిల్ వేసిన చోట రంగు ముడతలు పడి పైకి లేచింది.

ఆ రాత్రికి గోనెపట్టా వేయవద్దన్నాడు, పొద్దున కడగవద్దన్నాడు. గురువారం ఉదయం సిలిండరు చుట్టూ పొడిగుడ్డతో తుడిచి, పౌడరు అద్ది, డ్రైవరును తొక్కమన్నాడు. నన్ను కారు కింద పడుకుని చూడమన్నాడు. నేను ఇస్త్రీ చొక్కా, తెల్ల పంచెతో ఉన్నాను. ఆయన గోనెసంచి పరిచి, పక్కకు జరిగి చోటిచ్చాడు. మాకు ఎదురుగా మిల్లు గేటు. ముఠా కూలీలు బోరేలు దించడం ఆపి, మేనేజరు గారు కారు కింద దూరడం చూస్తున్నారు. దూరాను.

పైన డ్రైవరు లెక్కపెడుతున్నాడు. నలభై దాటాక, సిలిండరు వెనక ఉన్న రబ్బరు తొడుగు అంచున పౌడరు కొంచెం బూడిద రంగుకు తిరిగింది. అరవై దగ్గర ఒక గీత కిందికి సాగింది. మేస్త్రి చెయ్యి పెట్టి ఆ తొడుగును పక్కకు లాగాడు. లోపల నిండి ఉన్న ఆయిల్ చెంచాడంత నా భుజం మీద పడింది. చుక్క బయటికి రాకుండా ఆ తొడుగు ఇన్నాళ్లూ దాన్ని దాచింది. నిండినప్పుడు పొంగినదాన్ని చెంబు నీళ్లు తీసుకుపోయాయి.

బయటికి వచ్చి కూర్చున్నాను. మేస్త్రి నా పాత కాగితం తీసి, వెనక వైపు తిప్పి ఇచ్చాడు. సంతకం ఆయన పెట్టడట. చూసింది నేను కాబట్టి నేనే రాయాలట. రాశాను. సిలిండరు, తొడుగు, పౌడరు, చీపురుపుల్ల, అన్నీ వరసగా. చదివి వినిపించాను. ఆయన తలూపుతూ విని, చివర్లో ఇంకేమన్నా ఉందా అని చూశాడు. ఏమీ లేదు.

“బాగుంది. నీళ్ల సంగతి లేదే?” అన్నాడు.

అది అవసరమా అన్నాను. కారడం కనిపించింది, డ్రైవరు తప్పు లేదని తేలింది, ఇంకా ఎందుకని. మేస్త్రి బలవంతం చేయలేదు. బీడీ వెలిగించుకున్నాడు.

“రాయకపోతే షావుకారు గారు అడుగుతారండీ, ఇంత కాలం కారుతుంటే డ్రైవరు చూసుకోవద్దా అని. అప్పుడు ఆ అబ్బాయి ఏం చెప్పాలా?”

డ్రైవరు కొంచెం దూరంలో గోనెపట్టాను పిండి ఆరేస్తున్నాడు. వినపడిందో లేదో తెలియదు. నేను మళ్లీ కలం తీసి, రోజూ లోపల కడగమన్నది నేనేనని, అందువల్లే తడి కనపడలేదని రాసి సంతకం పెట్టాను. యజమాని గారు చదివి, “ఇది మీరు రాయకపోయినా నాకు తెలిసేది కాదు” అన్నారు. తర్వాత కారు తాళాలు నా చేతిలో పెట్టి, వాణ్ణే ఉంచండి అన్నారు.

శుక్రవారం గుంటూరు నుంచి రబ్బర్లు తెప్పించి వేశాడు మేస్త్రి. బ్రేకు పని చేసిన బండికి మొదటి పరుగులో తానే ముందు సీట్లో కూర్చోవడం ఆయన పద్ధతి. ఆ రోజు మాత్రం వెనక కూర్చుని, నన్ను ముందు కూర్చోమన్నాడు. దర్శి రోడ్డు మీద పోనిమ్మన్నాడు. ఎక్కడిదాకా అని డ్రైవరు అడగలేదు.

కల్లం కనపడే దూరంలో డ్రైవరు చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. ఇక్కడ తొక్కు అన్నాడు మేస్త్రి. కారు కల్లానికి ఎంతో ఇవతలే ఆగింది. ఆడవాళ్లు పని ఆపి లేచి నిలబడ్డారు. ముసలామె మోచేతికి గుడ్డ కట్టు ఇంకా ఉంది.

“ఏరా, ఇయ్యాల మామీదికి రాలేదే? ఇయ్యాల తాగలేదా?” అంది.

నలుగురు నవ్వారు. డ్రైవరు ముందుకే చూస్తున్నాడు. నాకు అప్పటికి ఒక సంగతి తెలుసు. ఆ వారమంతా అతని భార్యను కోతకు పిలవలేదు. తెల్లవారుజామున ముఠా ఆడవాళ్లు ఇంటింటి ముందూ ఆగి కేకేసుకుంటూ పోతారు. ఆ ఇంటి ముందు ఆగడం మానేశారు.

మేస్త్రి వెనక నుంచి నెమ్మదిగా అన్నాడు: “కాయితం షావుకారు గారికి సరిపోయింది. ఇక్కడ కాయితం చదివేవాళ్లు లేరండీ.”

నేను దిగాను. మిల్లులో నూరుమందికి ఆర్డర్లు వేసినవాణ్ణి, ఆ ఆరేడుగురు ఆడవాళ్ల ముందు మాట తడబడింది. కారు బ్రేకు కారిపోతోందనీ, ఇతను నెల ముందే చెప్పాడనీ, నేనే నమ్మలేదనీ చెప్పాను. కడగమని చెప్పి అది కనపడకుండా చేసింది కూడా నేనేనన్నాను. నిన్న కారు కింద పడుకుని నా కళ్లతో చూశానన్నాను. ఎడ్ల మీదికి పోకుండా మిర్చిలోకి తిప్పింది తెలివిలో ఉన్న మనిషేనన్నాను.

ముసలామె నావైపు కాసేపు చూసి, కారు దగ్గరికి వచ్చి, డ్రైవరు వైపు కిటికీలో చెయ్యి పెట్టింది.

“నోరుంది గదరా, చెప్పుకోవద్దూ?”

“చెప్పాను పెద్దమ్మా. నువ్వు తుమ్ముతున్నావు” అన్నాడు డ్రైవరు.

ఈసారి నవ్వు వేరేగా వచ్చింది. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది, మిరప ఘాటుకేనేమో.

“రేపు అవతలి చేలో రెండో కోత. మీ ఆవిణ్ణి కోడి కూసేసరికల్లా లేచి ఉండమను. మేం వాకిట్లో నిలబడి ఎక్కువసేపు కేకలెయ్యం” అంది.

డ్రైవరు తల ఊపాడు. నేను వచ్చి కూర్చున్నాను. వెనక సీట్లో మేస్త్రి కిటికీలోంచి తల బయటపెట్టి, వెనక రోడ్డు మీద టైర్ల గీతలు రెండు పక్కలా ఒకేలా పడ్డాయో లేదో చూస్తున్నాడు. చూసి, తృప్తి పడి, ఇక పోనిమ్మన్నాడు.